మెత్త లేని రేకు

బరువుకే. బరువు కోసమే తనను ఎక్కించుకున్నాడు బాపు. "నువ్వు గూడ ఎక్కు ఆశా, వెనక బరువుండాలె" అన్నాడు, తన కార్ల రిపేరు షెడ్డు ముందు, అందరూ వింటుండగా. సిటీ బయటి హిమాయత్‌నగర్ చౌరస్తాలో అన్న ఆ మాట మొయినాబాద్ దాటుతున్నా చెవిలోనే కూర్చుని ఉంది, దిగే ఉద్దేశం లేనట్టు. పాత అంబాసిడర్ వెనక సీట్లో, ఎడమ కిటికీ పక్కన, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఆశా కూడా అట్లాగే కూర్చుంది. నలుగురు ఎక్కితే కారు లోపల కూర్చోలేకపోతున్నామని కారు యజమాని చెప్పాడు కాబట్టి నలుగురు కావాలి. బరువు పడితే ఇంజన్ కష్టపడుతుంది, ఇంజన్ కష్టపడితే కింద సైలెన్సర్ గొట్టం ఇంకా కాలుతుంది, అప్పుడే వేడి ఎక్కడినుంచి వస్తుందో దొరుకుతుంది. ఇదంతా బాపు ఆ పిల్లకు చెప్పాడు, మనస్వినికి, చేతులు తిప్పుతూ, ఓపికగా. నడపడానికి బాపు, ముందు సీట్లో అతని పక్కన మనస్విని, వెనక మనస్విని వాళ్ల నాన్న రామలింగేశ్వరరావు గారు. నాలుగోది బరువు. షెడ్డులో రెండు సిమెంటు బస్తాలున్నాయి, అవి ఎక్కించినా ఇదే పని చేసేవి. పైగా వాటికి కడుపులో ఇట్లా మండేది కాదు.

ఏప్రిల్ ఎండ కిటికీలోంచి ఒళ్లో పడి ఉంది, దింపినా దిగని పిల్లిలాగ. కిటికీలు తీసే ఉన్నా వచ్చేది వడగాలే. ముందు సీటు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే పొడుగు బల్లలాంటిది కాబట్టి ఆ ఇద్దరికీ మధ్య అడ్డం ఏమీ లేదు. మనస్విని జుట్టును పైకి చుట్టి క్లిప్పు పెట్టుకుంది, మెడ వెనక చెమట మెరుస్తోంది, ఆ చెమట కూడా ఎందుకో శుభ్రంగా ఉంది. ఆమె చేతిలో పసుపు పచ్చ పిస్తోలు లాంటిది ఒకటి. దేనికి గురిపెట్టి నొక్కితే దాని వేడి ఎంతో చిన్న అద్దంలో అంకెలు పడతాయి. "డ్యాష్‌బోర్డు నలభై ఆరు, అంకుల్." "ఊ." "నా పక్క డోరు నలభై నాలుగు." "మంచిగ చెప్తున్నవ్ బిడ్డా, ఇంక చూడు." బిడ్డా. పొద్దుటినుంచి ఇది తొమ్మిదోసారి. ఆశా లెక్క పెట్టాలని పెట్టలేదు, లెక్క దానంతటదే పడుతోంది. ఇంటికి పోయాక నోటుబుక్కులో రాస్తుంది, పదో తరగతి రఫ్ నోటుబుక్కు వెనక మిగిలిపోయిన పేజీల్లో, రోజూ రాసేచోట. పరీక్షలు అయిపోయాయి గనుక ఇప్పుడు ముందు పేజీలు కూడా ఎవరికీ పనికిరావు. ఆ పిల్ల పిస్తోలు నలభై ఆరు చూపిస్తే మెచ్చుకున్నాడు. సోషల్‌లో తొంభై ఒకటి వచ్చినప్పుడు ఏమన్నాడు? "సరే, అన్నం తిన్నవా" అన్నాడు.

పొద్దున టార్పాలిన్ పట్టుకున్నది ఎవరు? ఆశా. ఇంజన్‌కూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య రేకు గోడ ఉంటుంది, వైర్లు దూరడానికి దానికి రంధ్రాలుంటాయి, రంధ్రాలకు రబ్బరు బిళ్లలుంటాయి, ఆ బిళ్లలు ఎండిపోయి రాలితే ఇంజన్ వేడి తిన్నగా లోపలికి వస్తుంది. అది కనిపెట్టడానికి బాపు చేసే పని ఒకటుంది. బానెట్ కింద బల్బు వెలిగిస్తాడు, కారు మీద టార్పాలిన్ కప్పి లోపల చీకటి చేస్తాడు, ఎవరైనా లోపల కూర్చుంటే ఎక్కడ రంధ్రం ఉందో అక్కడ వెలుతురు చుక్కలా కనిపిస్తుంది. ఆశా చిన్నప్పటినుంచి చూస్తోంది ఆ పనిని, బయటినుంచే. ఒక్కసారి లోపల కూర్చుని ఆ చుక్కలు చూడాలని ఎన్నేళ్లుగా అనుకుంటోందో. అడగలేదు, అది నిజమే, అడగలేదు. మనస్విని అడిగింది. "అంకుల్, నేను కూర్చోనా?" అంది, అంతే, దూరిపోయింది. ఆశా బయట టార్పాలిన్ అంచు గాలికి లేవకుండా కాలితో తొక్కిపెట్టి నిలబడింది. లోపలినుంచి "అబ్బా, నక్షత్రాల్లా ఉన్నాయి నాన్నా!" అని ఆ పిల్ల గొంతు, ఆ వెనక బాపు నవ్వు. బాపు నవ్వు టార్పాలిన్ లోపలినుంచి వింటే వేరే వాళ్ల బాపు నవ్వులా ఉంది. రెండు రంధ్రాలు దొరికాయి, రెండూ మూశారు, ఒకదానికి బిళ్ల మనస్వినే నొక్కింది. అయినా వేడి తగ్గలేదు. తగ్గదు. తగ్గదని ఆశాకు తెలుసు.

అదీ అసలు సంగతి. ఈ కారులో ఉన్న నలుగురిలో వేడి ఎక్కడినుంచి వస్తోందో తెలిసినది ఒక్క ఆశాకే. పిస్తోలుకు తెలియదు, దాన్ని పట్టుకున్న చేతికి తెలియదు. బాపుకు కూడా తెలియదు.

"ఇంజన్ చల్లగానే ఉందండీ స్వామిదాసు గారూ, మేమే ఉడుకుతున్నాం" అన్నారు రామలింగేశ్వరరావు గారు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. మూడు వారాలుగా ఇదే మాట. మోకిలలో కొత్త విల్లాల్లో ఉంటారు, భీమవరం దగ్గరినుంచి ఎప్పుడో తొంభైల్లో వచ్చి కంప్యూటర్ల ఉద్యోగంలో స్థిరపడ్డారు. ఇంట్లో ఏసీ కారు ఇంకోటి ఉందట, ఇది ముచ్చటకు కొన్నది. "మా ఆవిడయితే ఇందులో ఎక్కాలంటే మజ్జిగ సీసా పట్టుకుని ఎక్కుతోంది." బాపు నవ్వాడు. "ఇంజన్ వేడి చూపే ముల్లు చూడుండ్రి సార్, నడుమలనే ఉన్నది. ఇంజన్ ఫికర్ లేదు. ఎక్కణ్ణుంచో దొంగతనంగ వస్తున్నది వేడి. దొరుకుతది, ఏడికి పోతది?" దొంగతనంగా. ఆశా కిటికీ బయటికి చూసింది. ఫామ్‌హౌసుల గోడలు, గోడ మీద గాజు పెంకులు, గోడ తర్వాత గోడ, మధ్యలో ఒక చిన్న బంతితోట, నీళ్లు కడుతున్న ఒక మనిషి, మళ్లీ గోడ.

మెత్త. ఒక్క మాట అంటే అయిపోతుంది. బాపూ, మెత్త లేదు. నాలుగు మాటలు కూడా కాదు, మూడే. చలికాలం చివర్లో ఈ కారు మొదటిసారి షెడ్డుకు వచ్చినప్పుడు ముందు సీటు కింద రేకు తుప్పు పట్టి చేయి దూరేంత రంధ్రం పడి ఉంది. బాపు సీటూ మ్యాటూ తీసి, రేకుకు అంటి ఉన్న నల్లటి మెత్తను చుట్ట చుట్టినట్టు ఊడదీసి గోడకు ఆనించి, వెల్డింగ్ చేశాడు. రెండు వేళ్ల మందం ఉండేది ఆ మెత్త, జనపనార, తారు కలిసిన వాసన. కింద గొట్టం ఎంత కాలినా కాళ్లకు తగలకుండా ఆపేది అదే. అది ఆశాకు అప్పుడు తెలియదు. నాయనమ్మకు అసలే తెలియదు. నాయనమ్మ ప్రేమమ్మకు తెలిసిందల్లా చర్చిలో షాబాద్ బండలు మోకాళ్లను కోసేస్తున్నాయని. శ్రమల దినాలు మొదలవబోతున్నాయి, ఈస్టర్‌కు ముందు నలభై రోజులు, ప్రతి శుక్రవారం గంటల తరబడి మోకాళ్ల మీద ప్రార్థన. అన్నం డబ్బా ఇవ్వడానికి షెడ్డుకు వచ్చి ఆ చుట్టను చూసింది, వంగి వేలితో నొక్కింది. "గిది పారేసేదే గదనే? గింత మెత్తగున్నది. కోసియ్యి బిడ్డా. మోకాళ్ల కింద ఇది ఉంటె యేసయ్యతోని ఇంకో పావుగంట ఎక్కువ మాట్లాడుత." బాపు సామాన్లకు సిటీకి పోయి ఉన్నాడు. ఆశా రేకు కత్తెర తీసి కోసింది. తారు అంటకుండా పాత చీర గుడ్డతో గలీబులు కుట్టింది, నీలం పూలవి. నాలుగు ముక్కలయ్యాయి. ఒకటి నాయనమ్మకు, ఒకటి ఆమె పక్కనే మోకరించే అంతమ్మకు, మిగతా రెండూ వెనక వరుసలో కూర్చునే ఇద్దరు ముసలమ్మలకు. ఆ ఆదివారం సంఘంలో పాస్టరమ్మ నిర్మలమ్మ అందరి ముందూ ఆశా తల మీద చేయి పెట్టింది. ఆశా జీవితంలో అందరి ముందూ మంచిది అనిపించుకున్న రోజు అదొక్కటే. దాని కింద ఈ కారు మెత్త ఉంది.

ఆ సోమవారమో మంగళవారమో బాపు ఇంకో కారు గేరు పెట్టె కింద పడుకుని, కాళ్లు మాత్రమే కనిపిస్తూ, "ఆశా, గా అంబాసిడర్ల మెత్త పరిచి మీద మ్యాటెయ్యి, సార్ వస్తడు" అన్నాడు. మెత్త. గోడ దగ్గరికి పోయి చూసింది, ఖాళీ. అప్పుడు అర్థమైంది. అది పారేసేది కాదు. చెప్పవచ్చు, చెప్పాలి, నోరు తెరిచింది, మాట రాలేదు, ఎప్పటిలాగే. ఇంతలో వాకిట్లో ఎవరిదో బండి ఆగింది, కొత్త మనుషులు దిగారు. ఆశా రబ్బరు మ్యాటును ఒట్టి రేకు మీద పరిచి, మూలలు సరిచేసి, ముందు సీటు బిగించడానికి బాపుకు స్క్రూలు అందించింది. "వేసినవా?" "వేసిన." అంతే, ఆ ఒక్క మాట. ఆ రోజు నోటుబుక్కులో మాత్రం నిజం రాసుకుంది, చిన్న అక్షరాలతో, అంచు దగ్గర.

ఇప్పుడు చెప్పవచ్చు కదా. చెప్పవచ్చు. కానీ ఇప్పుడు చెబితే ఆ పిల్ల ముందు చెప్పాలి. పిస్తోలు పట్టుకుని ఇంత వెతికిన పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది, ఓహో ఇదా, నువ్వా, అన్నట్టు. ఇంకా లోపల, ఇంకా అడుగున, నోటుబుక్కులో కూడా రాయలేని మాట ఒకటుంది. ఆ పిల్ల తప్పు చెప్పిన ప్రతిసారీ ఆశాకు నోట్లో బెల్లం ముక్క పెట్టినట్టుంది. పొద్దున "పైన గాలి వచ్చే జాలీలోంచేమో అంకుల్" అంది, కాదు. "బానెట్ రబ్బరేమో" అంది, కాదు. వెతుకు, ఇంకా వెతుకు. వాళ్ల నాన్న ఆ పిస్తోలును తెప్పించి ఇచ్చాడట, ఇంటర్ అయ్యాక బండ్ల ఇంజనీరింగే చదువుతుందట. బాపు దానికి "మా షెడ్డుకు రా బిడ్డా, ఎండకాలం సెలవులల్ల, నేర్పిస్త" అన్నాడు. నేర్పిస్త. ఆశా పదహారేళ్లుగా అదే షెడ్డు వెనక గదిలో పడుకుని లేస్తోంది. పధ్నాలుగో నంబరు పానా ఏది, పదిహేడో నంబరు ఏది, కళ్లు మూసుకుని చేత్తో పట్టి చెప్పగలదు. ఎవరూ అడగలేదు.

మనస్విని చెడ్డ పిల్ల అయినా బాగుండు. కాదు. కారు ఎక్కేటప్పుడు చల్లటి నీళ్ల సీసా ముందు ఆశాకే ఇచ్చింది. "నువ్వేం చదువుతున్నావ్?" అని అడిగింది. టెన్త్, అని ఆశా అన్నది ఆశాకే వినపడలేదు. "ఏంటీ?" అని ఆ పిల్ల చెవి దగ్గరికి తెచ్చింది, జుట్టులోంచి ఏదో మంచి వాసన. రెండోసారి అసలు గొంతే రాలేదు. "పది రాసింది. దానికి మాట్లాడాలంటె మనం పోస్టుకార్డు రాయాలె" అన్నాడు బాపు, అందరూ నవ్వారు. మనస్విని కూడా నవ్వి, మళ్లీ అయ్యో అనుకున్నట్టు ఆశా మోచేతిని తాకింది. తాకకపోతే బాగుండేది.

చేవెళ్ల దగ్గరపడింది. రోడ్డు మీద టమాటా బుట్టల ట్రాలీలు అడ్డంగా నిలబడి ఉన్నాయి, ఎవరో ఎవరినో తిడుతున్నారు, బస్సు హారన్ ఆపకుండా కొడుతోంది. కారు నడక కన్నా మెల్లగా పోతోంది. నడుస్తున్నంతసేపూ వచ్చిన ఆ వడగాలి కూడా ఆగిపోయింది. లోపల వేడి కిందినుంచి పైకి నీళ్లు నిండినట్టు నిండుతోంది. రామలింగేశ్వరరావు గారు చొక్కా పై గుండీ తీసి, "వచ్చేటప్పుడు ముందు సీట్లో నా పాదాలు అట్టు వేసినట్టు అయ్యాయండి. మీకెలా ఉంది, కాళ్లకి?" అని అడిగారు. "నాకేం లేదు సార్, మంచిగనే ఉన్నది" అన్నాడు బాపు. అతని చెప్పులు షెడ్డు గడపలోనే ఉన్నాయి. ఏ కారు నడిపి చూసినా చెప్పులు విడిచే ఎక్కుతాడు, చర్చిలోకి పోయినట్టు. చెప్పులేసుకుంటే బండి మాట వినపడదంటాడు. బేరింగ్ పోయిందా, క్లచ్ జారుతోందా, ఇంజన్ కింద ఏ బోల్టు వదులైందా, అన్నీ అరికాలితోనే పట్టేస్తాడు. అందుకే సిటీలోని పాత కార్లవాళ్లు ఇంతదూరం వెతుక్కుంటూ వస్తారు. స్వామిదాసు అరికాలు, అంటారు, పెద్ద మిషనరీ పేరు చెప్పినట్టు.

ఎడమ వైపు దవాఖాన గేటు వచ్చింది. పసుపు గోడ, గేటు దగ్గర కొబ్బరిబోండాల బండి. ఆ బండి దగ్గరే నిలబడ్డారు ఇద్దరూ, పోయిన నెల, బాపూ తనూ, ఒక్క బోండాంలో రెండు గొట్టాలు వేసుకుని. ఆ రోజును ఆశా ఎవరికీ ఇవ్వదు. అమ్మను కాదని, తననే తీసుకొచ్చాడు. లోపల సిస్టర్ బాపును బల్లమీద పడుకోబెట్టి, కళ్లు మూసుకో, కాలికి తగిలినప్పుడల్లా చెప్పు అని, గట్టి దారం లాంటిదానితో అరికాలిని పొడిచింది. మడమ మీద, నడుమ, బొటనవేలు కింద. దారం వంగేదాకా. ఆశా పక్కనే నిలబడి చూస్తోంది. బాపు ఏమీ అనలేదు. ఇంకో కాలు. ఏమీ అనలేదు. అంతా అయ్యాక కళ్లు తెరవకుండానే, "ఇంక మొదలుపెట్టలేదా సిస్టర్?" అన్నాడు. సిస్టర్ ఆశా వైపు చూసింది. షుగర్ కాళ్లలోకి దిగిందని, ఒట్టికాళ్లతో తిరగొద్దని, నిప్పు తగిలినా తెలియదని చెప్పింది. బోండాం తాగుతూ బాపు అన్నాడు, "మీ అమ్మకు చెప్పకు. కస్టమర్లకు అసలే వద్దు. స్వామిదాసు కాలు పోయిందంటె షెడ్డుకెవడొస్తడు?" ఆశా తల ఊపింది. ఆ మాటను నెల రోజులుగా లోపల దాచుకుని మురిసిపోతోంది, బాపు ఎవరికీ చెప్పనిది తనకు చెప్పాడని. మురిసిపోయింది గానీ, మాటలో ఏముందో చూడలేదు. నిప్పు తగిలినా తెలియదు.

పిస్తోలు అందుకే. ఆ పిల్ల అందుకే. బిడ్డా బిడ్డా అని తొమ్మిదిసార్లు అందుకే. కాలు చెప్పేది ఇప్పుడు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. ఆ పిల్ల చెబుతుంది గట్టిగా, అంకెలతో సహా. మరి నన్నెందుకు అడగలేదు బాపూ, నాకు తెలుసు కదా నీ కాలు సంగతి, నా కాలు పెట్టమంటే పెట్టేదాన్ని కదా. పెట్టేదానివే, కానీ చెప్పేదానివా? పోస్టుకార్డు రాయాలె.

ఆశా ముందుకు జరిగింది. ముందు సీటు వీపు మీద గడ్డం ఆనించి, ఆ ఇద్దరి భుజాల మధ్యలోంచి కిందికి చూసింది. బాపు కుడికాలు ఆక్సిలరేటర్ మీద ఉంది. మడమ రబ్బరు మ్యాటు మీద ఆని ఉంది, కదలకుండా, అరగంటకు పైగా అదేచోట. మ్యాటు అక్కడ మెత్తబడి నిగనిగలాడుతోంది, కాలిన రబ్బరు వాసన పైకి వస్తోంది. ఆ వాసన ఇందాకటినుంచీ ఉంది. ఇందాకటినుంచీ ఉంటే తను ఏం చేస్తోంది? లెక్కపెడుతోంది, తొమ్మిది అని.

అప్పుడే మనస్విని వంగి పిస్తోలు కిందికి గురిపెట్టింది. "అంకుల్! మీ కాలి కింద అరవై నాలుగు! వేడంతా ఇక్కడే, ఫ్లోర్‌లోంచే వస్తోంది. మ్యాట్ ఎత్తి చూద్దామా?" దొరికింది. ఆ పిల్లకే దొరికింది.  బాపు రోడ్డు మీదినుంచి కళ్లు తీయకుండా, ఎంతో మామూలుగా, "అక్కడేం లేదు బిడ్డా, అది ఎత్తే పనిలేదు" అన్నాడు. "అది మా ఆశా వేసింది. కింద మెత్త పెట్టే వేసింది, నేనడిగిన గూడ. అది వేసిన అన్నదంటె ఇంక చూసుకునే పనుండదు. వేరే తాన చూడు." "కానీ అంకుల్, అరవై నాలుగు..." "నీ మిషన్ గూడ వేడెక్కిందేమో తియ్" అని నవ్వాడు. మూడు వారాలు. మూడు వారాలుగా బానెట్ రబ్బరు, జాలీ, రంధ్రాలు, రేడియేటరు, అన్నీ విప్పి చూసి, ఒక్క మ్యాటు మాత్రం ఎత్తకపోవడం ఎందుకో ఆశాకు ఇప్పుడు తెలిసింది. సోషల్ మార్కులకు మెచ్చుకోలేదని, టార్పాలిన్ లోపలికి పిలవలేదని ఏడ్చుకున్నది కదా, ఆ మెప్పంతా ఇక్కడ ఉంది, ఈ మ్యాటు కింద, మెత్త ఉండాల్సిన చోట.  ఇప్పుడు నోరు మూసుకుంటే అది అట్లాగే ఉంటుంది. ఇంకో అరగంట, తిరిగి షెడ్డుకు చేరేదాకా. కాలు కూడా అట్లాగే ఉంటుంది, అదే చోట, నొప్పి లేకుండా.

"బాపు, మెత్త లేదు."

గొంతు ఇంత పెద్దగా వస్తుందని తనకే తెలియదు. రామలింగేశ్వరరావు గారు ఉలిక్కిపడ్డారు. "కాలు తియ్యి బాపు. మెత్త లేదు, నేను వెయ్యలే. నాయనమ్మకు కోసిచ్చిన. వేసిన అని అబద్ధం చెప్పిన. కాలు తియ్యి ముందు, కాలుతున్నది!"

కారు పక్కకు ఆగింది, ఎరువుల దుకాణం ముందు. బాపు బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, వెనక్కి తిరిగి చూశాడు. కోపం ఉంటుందనుకుంది, లేదు. దారిలో తెలిసిన ఇల్లు కనపడనట్టు చూశాడు. తర్వాత వంగి మ్యాటు అంచు పట్టుకుని ఎత్తాడు. ఒట్టి రేకు, తను వేసిన వెల్డింగ్ అతుకుతో సహా. చాలాసేపు దాన్నే చూశాడు. "కోసి ఏం చేసినవ్?" "మోకాళ్ల కిందికి. ప్రార్థనల. నలుగురికి." రామలింగేశ్వరరావు గారికి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక పెద్దగా నవ్వబోయి, బాపు ముఖం చూసి ఆపుకున్నారు. "పర్లేదండీ, స్వామిదాసు గారూ, దేవుడి దగ్గరికే వెళ్లింది కదా, కొత్తది వేయిద్దాం." బాపు నవ్వలేదు. "వేసిన అన్నవు గద" అన్నాడు ఆశాతో, మెల్లగా, అడుగుతున్నట్టు.  కొట్టినా బాగుండేది.

కిందికి దిగబోయి కాలు ఆన్చేసరికి బాపు నడక వంకరగా పడింది. నొప్పి వల్ల కాదు, చర్మం జారడం వల్ల. "నేను నడుపుతానండీ, మీరు వెనక కూర్చోండి" అన్నారు రామలింగేశ్వరరావు గారు, బూట్లు బిగించుకుంటూ. బాపు వచ్చి వెనక సీట్లో, ఆశా పక్కన కూర్చున్నాడు. కారు వెనక్కి తిరిగి మొయినాబాద్ వైపు కదిలింది.  ట్రాలీలు దాటాక బాపు కుడికాలు ఎత్తి ఎడమ మోకాలి మీద పెట్టుకున్నాడు. పొట్ట అడ్డం వచ్చి అరికాలు అతనికి కనపడలేదు. ముందు వాళ్లకు వినపడకుండా, ఆశా వైపు వంగి, "ఎట్లున్నది? జర చూడు" అన్నాడు.

అడిగాడు. ఎన్ని రోజులుగా ఎదురుచూసిందో ఆ మాట కోసం. మనస్విని అప్పటికే వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద లేచి, సంచిలోంచి మందు ట్యూబు తీసి, "అంకుల్, నాకు ఫస్ట్ ఎయిడ్ వచ్చు, నేను చూస్తా" అంటోంది. చేయి చాపింది కూడా. ఆశా ఆ చేతిలోంచి ట్యూబు తీసుకుంది, లాక్కున్నట్టే తీసుకుంది. "నేను చూస్త" అంది. వంగి, రెండు చేతులతో బాపు పాదం పట్టుకుని, వెలుతురు వైపు తిప్పింది. గ్రీజు నల్లదనం మధ్య మడమ ఎర్రగా, పైన తెల్లగా ఉబ్బి ఉంది.

"మడమ మీద బొబ్బ లేచింది బాపు. పెద్దది. నిమ్మకాయ చెక్కంత. తోలు ఊడుతున్నది."

బాపు ఆమె ముఖంలోకి చూశాడు. "నిజమేనా?" అన్నాడు.

ఎప్పుడూ అనని మాట. ఏ పానా అందించినా, ఏ స్క్రూ బిగించానన్నా, గేటు వేశానన్నా, అన్నం తిన్నానన్నా, ఎప్పుడూ అనని మాట. "నిజం" అంది ఆశా. అతను ఆగాడు. తర్వాత వేలు చాపి, తడుముకుంటూ, ఆమె చేతుల మధ్యలోంచి తన మడమ దాకా పోనిచ్చి, ఆ బొబ్బను తనే ముట్టుకుని చూసుకున్నాడు. కాలికి తెలియనిది వేలికి తెలిసింది. "ఊ. ఉన్నది" అన్నాడు, వేలు తీసుకుని.

ఆశా ట్యూబు మూత తిప్పింది. ముందు సీట్లోంచి మనస్విని, కొంచెమే రాయి, ఎక్కువ రుద్దకు అని చెబుతోంది, ఆ మాటలు సరిగానే ఉన్నాయి, ఆమె మీద మంట ఏమీ లేచి రాలేదు. మంట అంతా ఇంకో పిల్ల మీదికి పోయింది. చలికాలం చివరి ఆ రోజు, బాపు వేసినవా అని అడిగితే, వేసిన అని ఒక్క మాట అనకముందు, షెడ్డులో మ్యాటు పట్టుకుని నిలబడి ఉన్న పిల్ల, అప్పటి తను. దాని మాటను ఎవరూ ముట్టుకుని చూసేవారు కాదు. దానికెంత సుఖం, అనుకుంది ఆశా. చల్లటి మందును వేలి కొసకు తీసుకుని, ఏమీ తెలియని ఆ మడమ మీద, తెలుస్తుందేమో అన్నంత మెల్లగా రాయడం మొదలుపెట్టింది.